జెడ్డాలో దిగాక మక్కా ఇంకెంత దూరం?

హైదరాబాద్‌లో నేరుగా విమానం ఎక్కితే దాదాపు ఆరు గంటల్లో జెడ్డా. అక్కడి నుంచి మక్కా తొంభై కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు ఖాళీగా ఉంటే కారులో గంటంబావు ప్రయాణం. లెక్క ఇంత తేలిక. అయినా ఉమ్రా (హజ్ రోజుల్లో కాకుండా మిగతా కాలంలోనూ చేసే మక్కా యాత్ర) చేసి వచ్చినవాళ్లను కదిపితే విమానంలో గడిచిన ఆరు గంటల గురించి ఒక్క ముక్కతో సరిపెట్టి, దిగాక హోటల్ గదికి చేరేదాకా పడ్డ తిప్పలే ఏకరువు పెడతారు.

ట్రెయిన్ మంచిదా, బస్సా, టాక్సీనా అన్న ప్రశ్నకు యూట్యూబ్‌లో బోలెడన్ని జవాబులు దొరుకుతాయి. చాలావరకు అన్నీ టికెట్ ధరలు పోల్చి ఊరుకుంటాయి. ధర ముఖ్యమే, కానీ దాని దాకా రాకముందే సగం నిర్ణయం అయిపోయి ఉంటుంది. విమానం ఏ టెర్మినల్‌కు వస్తుంది, ఒంటి మీద ఇహ్రామ్ (యాత్రకు మగవాళ్లు కట్టుకునే కుట్లు లేని తెల్ల గుడ్డలు) ఉందా లేదా, వాహనం దింపిన చోటి నుంచి గదికి చివరి నాలుగైదు కిలోమీటర్లు ఎలా దాటుతారు అన్నవి తేల్చుకోకుండా ధరలు పోల్చి లాభం లేదు.

ముందు టెర్మినల్ సంగతి. జెడ్డాలోని కింగ్ అబ్దులజీజ్ విమానాశ్రయం 1981లో మొదలైంది. నగరానికి ఉత్తరాన ఉంటుంది. మక్కా ఉన్నది నగరానికి తూర్పున, లోపలికి. అందుకే ‘జెడ్డా నుంచి మక్కా డెబ్బై కిలోమీటర్లే కదా’ అన్న లెక్క ఎయిర్‌పోర్టు నుంచి బయలుదేరేవాళ్లకు పనికిరాదు. ఆ విమానాశ్రయంలో గుడారాల వరసలా కనిపించే హజ్ టెర్మినల్ ఉంది. ఢాకా ప్రాంతంలో పుట్టి షికాగోలో పేరు తెచ్చుకున్న ఇంజినీర్ ఫజలుర్ రహ్మాన్ ఖాన్ పనితనం అది. టెఫ్లాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ బట్టతో 210 గుడారాలు, నాలుగు పక్కలా తెరిచి ఉంటాయి, వేడి గాలి పైకి పోతుంది. 1983లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు కూడా వచ్చింది. అందానికి మెచ్చుకుంటారు గానీ, దాన్ని కట్టిన అసలు అవసరం వేరు. హజ్ రోజుల్లో వేల మంది ఒకేసారి దిగి, కాగితాల పని ముగిశాక బస్సుల కోసం గంటల కొద్దీ కూర్చోవాలి. అంటే మొదటి నుంచీ అది సగం విమానాశ్రయం, సగం బస్టాండ్. నీడలో ఎదురుచూడటం ఆ ప్రయాణంలో ఒక భాగమని ఒప్పుకుని కట్టిన కట్టడం.

ఇప్పుడు ఎక్కువ విమానాలు దిగే టెర్మినల్ 1 వేరే చోట ఉంది. అక్కడే పెద్ద అక్వేరియం ఉంటుంది. ‘అక్వేరియం దగ్గర నిలబడండి, వచ్చేస్తున్నా’ అని జెడ్డాలో ఉండే బంధువులు ఫోన్లో చెప్పేది దీని గురించే. హై స్పీడ్ రైలు స్టేషన్ ఉన్నదీ ఈ టెర్మినల్ దగ్గరే. హజ్ టెర్మినల్‌లో దిగినవాళ్లు రైలు ఎక్కాలంటే ముందు అక్కడి నుంచి మరో వాహనం పట్టుకుని ఇక్కడికి రావాలి. చార్టర్ విమానాలు, కొన్ని ఎయిర్‌లైన్ల ఉమ్రా విమానాలు హజ్ టెర్మినల్‌కే వస్తుంటాయి. టికెట్ మీద చిన్న అక్షరాల్లో ఉండే టెర్మినల్ పేరును ఎవరూ చూడరు. ఇంటి దగ్గరే అది చూసుకున్నవాళ్లకు రైలు ఖాయమో కాదో సగం తేలిపోతుంది.

అసలు ఎంచుకునే స్వేచ్ఛ ఎవరికి ఉంది అన్నది మరో సంగతి. ప్రభుత్వ హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్లకు దాదాపు లేదు. దిగిన క్షణం నుంచి ఏ బస్సు, ఏ బిల్డింగ్ అన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ ఖర్చు కట్టిన డబ్బులోనే కలిసి ఉంటుంది. విసుగు పుట్టించే ఏర్పాటే అయినా తొలిసారి ఊరు దాటిన పెద్దవాళ్లకు ఇదే క్షేమం. మెడలో కార్డు, చేతికి కడియం, అందులో బిల్డింగ్ నంబరు ఉంటే ఎవరో ఒకరు బస్సు దగ్గరికి చేరుస్తారు. 2024లో భారత్ నుంచి వెళ్లిన హజ్ యాత్రికుల్లో కొందరిని తొలిసారిగా జెడ్డా ఎయిర్‌పోర్టు నుంచి మక్కాకు హై స్పీడ్ రైల్లో తీసుకెళ్లారు. అందులోనూ ఎవరు రైలు, ఎవరు బస్సు అన్నది యాత్రికుడి ఇష్టం కాదు. ఇంకో మాట, హజ్ సీజన్‌లో జెడ్డాలో ఉన్న తమ్ముడో బావమరిదో కారేసుకొచ్చి మక్కాలో దింపుతాడని ఆశ పెట్టుకోకూడదు. ఆ రోజుల్లో పర్మిట్ లేనివాళ్లను మక్కా దారిలోని చెక్‌పోస్టుల దగ్గరే వెనక్కి పంపుతారు.

ఉమ్రాకు గ్రూపుతో వెళ్లేవాళ్లకు సగం స్వేచ్ఛ. ప్యాకేజీలో ‘ట్రాన్స్‌పోర్ట్ ఇంక్లూడెడ్’ అని ఉంటుంది, అది ఏ రకం ట్రాన్స్‌పోర్టో ఉండదు. నలభై మందికి ఒక బస్సా, పది మందికి ఒక వ్యానా, ఎయిర్‌పోర్టులో ఎంతసేపు ఆపుతారు, హోటల్ గుమ్మం దాకా వస్తుందా, వీధి చివర దింపుతారా అన్నవి డబ్బు కట్టకముందే ఏజెంటును అడగాల్సిన ప్రశ్నలు. సిగ్గుపడి అడగనివాళ్లే ఎక్కువ. సొంతంగా వీసా తీసుకుని, టికెట్, హోటల్ బుక్ చేసుకుని వెళ్లేవాళ్లు 2019లో సౌదీ టూరిస్ట్ వీసాలు తెరిచాక బాగా పెరిగారు. రైలా, బస్సా, టాక్సీనా అన్న ప్రశ్న నిజంగా ఎదురయ్యేది వీళ్లకే.

హరమైన్ హై స్పీడ్ రైలు 2018 అక్టోబరు నుంచి జనం కోసం నడుస్తోంది. మక్కా, జెడ్డా సులేమానియా, ఎయిర్‌పోర్టు, కింగ్ అబ్దుల్లా ఎకనామిక్ సిటీ, మదీనా అని ఐదే స్టేషన్లు. మొత్తం 450 కిలోమీటర్ల లైను, గంటకు 300 కిలోమీటర్ల దాకా వేగం. ఎయిర్‌పోర్టు నుంచి మక్కాకు గంట లోపే చేరుస్తుంది. మదీనాకు రెండు గంటలు కూడా పట్టదు. రోడ్డు మీదైతే మదీనా నాలుగు వందల కిలోమీటర్లు, కారులోనే నాలుగైదు గంటలు. కాబట్టి జెడ్డాలో దిగి ముందు మదీనా వెళ్దామనుకునేవాళ్లు పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు, రైలే. మక్కా విషయంలో మాత్రం అంత తేల్చి చెప్పలేం.

ఎందుకంటే మక్కా రైల్వే స్టేషన్ రుసైఫా అనే పేటలో ఉంది. హరం, అంటే కాబా ఉన్న పెద్ద మసీదు, అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరం. రైలు దిగగానే కాబా ఎదురుగా ఉంటుందనుకుని వెళ్లేవాళ్లు కొత్త స్టేషన్ హాల్లో సామాన్లతో నిలబడిపోతారు. స్టేషన్ నుంచి సిటీ బస్సులున్నాయి. మక్కా బస్ పేరుతో నడిచే ఈ సర్వీసులు మొదట్లో ఉచితం, 2023 చివరి నుంచి టికెట్ 4 రియాళ్లు. మన డబ్బుల్లో దాదాపు వంద రూపాయలు. టాక్సీలూ ఉంటాయి. అయితే రైలు నుంచి వందల మంది ఒకేసారి దిగుతారు, అందరూ వెళ్లేది ఒకవైపే. అర్ధరాత్రి, ముసలి తల్లిదండ్రులు, రెండు పెద్ద సూట్‌కేసులు అన్నప్పుడు రైల్లో ఆదా అయిన అరగంట స్టేషన్ బయట పోతుంది. కొన్నిసార్లు ఆ నాలుగు కిలోమీటర్ల టాక్సీకి ఇచ్చే డబ్బు అడిగినవాడి ధైర్యాన్ని బట్టి ఉంటుంది.

రైల్లో సామానుకు పరిమితి ఉంది. టికెట్ పాస్‌పోర్ట్ నంబరుతో ఇస్తారు. రంజాన్‌లో, శుక్రవారం చుట్టుపక్కల సీట్లు ముందే నిండిపోతాయి. మరోవైపు విమానం ఆలస్యమైతే రైలు ఎదురుచూడదు. ఇమిగ్రేషన్ లైను అరగంటలో కదలొచ్చు, రెండు గంటలూ పట్టొచ్చు. విమానం దిగే సమయానికీ రైలుకూ మధ్య మూడు గంటలు లేకుండా బుక్ చేసుకోవడం చేజేతులా టెన్షన్ కొనితెచ్చుకోవడమే. తేలికపాటి సామానుతో, పగటిపూట, టెర్మినల్ 1లో దిగే ఇద్దరు ముగ్గురికి రైలు చక్కటి ఏర్పాటు. పసిపిల్లలు, వీల్‌చెయిర్‌లో పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి అదే రైలు మూడుసార్లు ఎక్కి దిగడం అవుతుంది.

ఈ ఎక్కి దిగడం మామూలు ప్రయాణంలో ఒకలా ఉంటుంది, ఇహ్రామ్‌లో మరోలా ఉంటుంది. మగవాళ్ల ఒంటి మీద ఉండేవి కుట్లు లేని రెండు తెల్ల గుడ్డలు, నడుముకు డబ్బూ పాస్‌పోర్టూ పెట్టుకునే బెల్టు, కాళ్లకు చెప్పులు. జేబుల్లేవు. ఒక చేత్తో ట్రాలీ, ఇంకో చేత్తో ఫోను, భుజం మీది గుడ్డ జారుతుంటుంది. అలవాటు లేని మనిషికి ఎస్కలేటర్ మీద ఆ గుడ్డ సర్దుకోవడమే పెద్ద పని. ప్రయాణంలో వాహనాలు మారాల్సినవి ఎన్ని ఉంటే అంత ఇబ్బంది. ఒకసారి ఎక్కి హోటల్ దగ్గర దిగే కారుకు ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు.

ఇహ్రామ్ ఎక్కడ కట్టాలన్నది మీఖాత్, అంటే ఇహ్రామ్ లేకుండా యాత్రికులు దాటకూడని హద్దు, నిర్ణయిస్తుంది. ముంబై నుంచి ఓడలు వెళ్లిన కాలంలో మనవాళ్ల మీఖాత్ యలమ్లమ్. నేరుగా మక్కాకు వెళ్లేవాళ్లు విమానం మీఖాత్ దాటకముందే ఇహ్రామ్‌లో ఉండాలి కాబట్టి శంషాబాద్‌లోనో, విమానం మారే దుబాయ్, మస్కట్‌లలోనో గుడ్డలు కట్టేసుకుంటారు. జెడ్డాలో దిగాక కట్టుకుందామన్న ఆలోచన చాలామంది ఉలమాల (మత పండితుల) దృష్టిలో చెల్లదు. అదే ముందు మదీనా వెళ్లేవాళ్లు మామూలు బట్టల్లోనే విమానం దిగొచ్చు. మదీనా జియారత్ (దర్శనం) అయ్యాక మక్కాకు బయలుదేరేటప్పుడు ఊరి బయట జుల్ హులైఫా మీఖాత్ వస్తుంది, అబ్యార్ అలీ అంటే అక్కడ అందరికీ తెలుసు. బస్సులూ టాక్సీలూ అక్కడ ఆగుతాయి, స్నానాల గదులున్నాయి, మసీదు ఉంది. రైలు అక్కడ ఆగదు. మదీనా నుంచి మక్కాకు రైల్లో వెళ్లేవాళ్లు హోటల్లోనే స్నానం చేసి ఇహ్రామ్ కట్టుకుని, రైలు మీఖాత్ దాటే లోపు నియ్యత్ (యాత్ర సంకల్పం) చేసుకోవాలి. స్టేషన్ నుంచి రైలు కదిలాక అది ఎంతసేపట్లో వస్తుందో తెలియక కంగారుపడే కన్నా, కూర్చోగానే నియ్యత్ చేసుకోవడం మేలని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు.

ఈ లెక్కన చూస్తే పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబాలకు ముందు మదీనా, తర్వాత మక్కా అన్న వరస ప్రయాణం పరంగా సుఖం. అలసిపోయిన మొదటి రోజున ఇహ్రామ్ బాధ్యత ఉండదు. నేరుగా మదీనాలోనే దిగే విమానం దొరికితే ఇంకా మంచిది. అక్కడి ప్రిన్స్ మొహమ్మద్ బిన్ అబ్దులజీజ్ విమానాశ్రయం నుంచి మస్జిదె నబవి (ప్రవక్త మసీదు) పదిహేను కిలోమీటర్ల దూరమే. దిగిన గంటన్నరలో గదిలో కూర్చోవచ్చు. టికెట్ వెతికేటప్పుడు రానూపోనూ జెడ్డా అనే పెట్టి వెతకడం అలవాటు. మదీనాలో దిగి జెడ్డాలో ఎక్కేలా వెతికితే టికెట్ కాస్త ఎక్కువ చూపించినా, మదీనాకు ఒకవైపు ప్రయాణం తప్పుతుంది.

బస్సుల విషయంలో చెప్పాల్సింది ఓపిక గురించే. గ్రూపు బస్సు ఆఖరి మనిషి ఇమిగ్రేషన్ దాటి, ఆఖరి సూట్‌కేసు బెల్టు మీదికి వచ్చేదాకా కదలదు. మక్కాలో చేరాక కూడా రెండు మూడు హోటళ్ల దగ్గర ఆగుతుంది. ఎయిర్‌పోర్టు నుంచి హరం దగ్గరికి ఇహ్రామ్‌లో ఉన్నవాళ్లకు ఉచిత షటిల్ బస్సు కూడా 2023లో మొదలుపెట్టారు. ఇలాంటివి సీజన్‌ను బట్టి, వేళల్ని బట్టి నడుస్తాయి. ఉంటే వాడుకోవడమే తప్ప వాటిని నమ్ముకుని ప్లాన్ వేసుకోకూడదు.

బస్సు ప్రయాణంలో అసలు ఆలోచించాల్సింది మక్కా, మదీనాల మధ్య రాత్రిపూట సాగే దూరం గురించి. 2025 నవంబరులో మక్కా నుంచి మదీనాకు వెళ్తున్న ఉమ్రా యాత్రికుల బస్సు రాత్రివేళ ఆయిల్ ట్యాంకర్‌ను ఢీకొని కాలిపోయింది. నలభై మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్ వాళ్లే, ఒకే కుటుంబం వాళ్లు పలువురున్నారు. ఆ ఒక్క ప్రమాదంతో బస్సులన్నీ ప్రమాదకరం అనడం సబబు కాదు. రోజూ వందల బస్సులు ఆ దారిలో క్షేమంగా తిరుగుతాయి. అయినా అదే దూరాన్ని రైలు రెండున్నర గంటల లోపు దాటుతున్నప్పుడు, ఐదారు గంటల రాత్రి ప్రయాణాన్ని ప్యాకేజీలో ఎందుకు పెడుతున్నారని అడిగే హక్కు డబ్బు కట్టినవాళ్లకు ఉంది. రాత్రి బయలుదేరితే ఒక రోజు గది అద్దె మిగులుతుందన్నదే చాలాసార్లు దాని వెనకున్న లెక్క. పగటి బస్సుకో, తలా కొంత వేసుకుని రైలుకో మార్చమని గ్రూపు మొత్తం అడిగితే వినని ఏజెంట్లు తక్కువ.

టాక్సీల దగ్గరికి వస్తే, ఎయిర్‌పోర్టు తలుపు దాటగానే ‘మక్కా! మక్కా! హాజీ, మక్కా?’ అంటూ చుట్టుముట్టేవాళ్లు లైసెన్సు లేని సొంత కార్లవాళ్లు. ఉర్దూ కూడా మాట్లాడతారు, అందుకే మనవాళ్లకు చప్పున నమ్మకం కుదురుతుంది. ఒకరిద్దరికి ధర చెప్పి, కారు నిండేదాకా ఇంకో ముగ్గురి కోసం వెతుకుతూ ఎండలో నిలబెట్టేవాళ్లున్నారు. మక్కా పొలిమేరలో దింపేసి ‘హరం దగ్గరే’ అని చెప్పి పోయేవాళ్లున్నారు. పట్టుబడితే వాళ్లకు వేల రియాళ్ల జరిమానా. అయినా ఆగరు. లైసెన్సున్న ఎయిర్‌పోర్టు టాక్సీ, లేదా ఉబర్, కరీమ్ యాప్‌లలో కారు పిలుచుకోవడం నయం. దానికి ఫోన్లో నెట్ ఉండాలి, యాప్ ఇక్కడే డౌన్‌లోడ్ చేసి కార్డు జతచేసి ఉంచుకోవాలి. బ్యాంకు ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ రోమింగ్‌లో బతికి ఉండాలి. సౌదీ సిమ్ వేశాక ఇండియా సిమ్ తీసి పర్సులో పెట్టేసి, టాక్సీకి డబ్బు కట్టలేక నిలబడిపోయేవాళ్లు ఎక్కువే. హోటల్ పేరు అరబీలో రాసున్న కాగితమో, వాట్సాప్ లొకేషనో ఉంటే డ్రైవర్‌తో సగం వాదన తప్పుతుంది. మిస్ఫలా, ఇబ్రాహీం ఖలీల్ రోడ్డు వైపు ఒకేలాంటి పేర్లున్న హోటళ్లు చాలా ఉన్నాయి.

కారు ఎంత మంచిదైనా నమాజు వేళకు హరం చుట్టూ ఉన్న రోడ్ల మీద దాని ఆటలు సాగవు. అజాన్‌కు ముందు పోలీసులు బారికేడ్లు పెడతారు. శుక్రవారం మధ్యాహ్నం, రంజాన్ ఆఖరి పది రాత్రుల్లో ఇంకా దూరంలోనే ఆపేస్తారు. ఆ సమయాల్లో మక్కా చేరేలా విమానం బుక్ చేసుకున్నవాళ్లు ఆఖరి కిలోమీటరు సామాను ఈడ్చుకుంటూ నడవడానికి సిద్ధపడాలి. జెడ్డాలో తెలుగువాళ్లు చాలామంది పనిచేస్తారు, దోస్తు వచ్చి దింపుతాడనుకునేవాళ్లూ ఉంటారు. ఆ దోస్తు ముస్లిం కాకపోతే మక్కా దారిలో కొంతవరకే రాగలడు, ఖురాన్ గేటు ఉన్న ఆ హైవే మీద ముస్లిమేతరులు ముందే పక్కదారి పట్టాలి. అలాంటప్పుడు ఎయిర్‌పోర్టు రైల్వే స్టేషన్‌లో సామాను మోసి రైలెక్కించి పంపమని అడగడమే మంచిది.

ఇటు చివర, శంషాబాద్ చేరడం కూడా చాలామందికి చిన్న పనేమీ కాదు. హజ్ కమిటీ యాత్రికులు నాంపల్లి హజ్ హౌస్‌లో రిపోర్ట్ చేస్తే అక్కడి నుంచి బస్సుల్లో ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్తారు. పూలదండలు, ప్రయాణం క్షేమంగా సాగాలని చేతికి కట్టే ఇమామ్ జామిన్‌లు, కన్నీళ్లు అన్నీ హజ్ హౌస్ గేటు దగ్గరే అయిపోతాయి. ఉమ్రాకు వెళ్లేవాళ్లకు అలాంటి ఏర్పాటు లేదు, అందుకే ఒక్క హాజీ వెంట రెండు ఇన్నోవాల బంధువులు ఎయిర్‌పోర్టు దాకా వస్తారు. కర్నూలు, అనంతపురం వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావడం దండగ, బస్సు శంషాబాద్ మీదుగానే వస్తుంది, అక్కడే దిగితే ఎయిర్‌పోర్టు పక్కనే. నగరంలో ఉండేవాళ్లకు పుష్పక్ బస్సులున్నాయి, సూట్‌కేసులు పెట్టుకునే చోటుంటుంది. గుంటూరు, విజయవాడ వాళ్లకు 2023లో గన్నవరం నుంచి హజ్ విమానాలు నడిపారు. కడప వైపు వాళ్లకు ఇప్పటికీ హైదరాబాదా, బెంగళూరా అన్నది ఇంటి నుంచి ఏ రోడ్డు దగ్గరన్న లెక్కే.

తిరుగు ప్రయాణంలో జనం పొరపాటు పడేది సమయం దగ్గర. మక్కా నుంచి బయలుదేరే గ్రూపు బస్సు విమానానికి ఏడెనిమిది గంటల ముందే వస్తుందంటే గొణుక్కుంటారు గానీ, ఆఖరి తవాఫ్ (కాబా చుట్టూ ప్రదక్షిణ) అయ్యేసరికి ఎవరెక్కడున్నారో తెలియని నలభై మందిని పోగుచేయడానికి ఆ టైము కావాలి. సొంతంగా వెళ్లేవాళ్లు విమానానికి నాలుగు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండేలా చూసుకుంటే చాలు. దిగిన టెర్మినలే ఎక్కే టెర్మినల్ అని అనుకోకుండా టికెట్ మరోసారి చూడాలి. జమ్‌జమ్ (మక్కాలోని పవిత్ర బావి) నీళ్లు క్యాన్లలో నింపుకుని రైల్లో, టాక్సీలో మోసుకురావక్కర్లేదు. సీలు వేసిన 5 లీటర్ల డబ్బా ఎయిర్‌పోర్టులోనే అమ్ముతారు, విడిగా లగేజీలో పడుతుంది. సూట్‌కేసులో బట్టల మధ్య దాచిన సీసాలను మాత్రం స్కానింగ్‌లో పట్టుకుని తీయిస్తారు. కౌంటరు ముందు పెట్టె విప్పి మళ్లీ సర్దేసరికి గ్రూపు మొత్తం ఆగాల్సి వస్తుంది.